శనివారం ఒక్కపొద్దు

నా చిన్నప్పుడు మేము షేక్‌పేటల రేకుల గదిల కిరాయికి ఉంటుంటిమి. సినిమావాళ్ళు మద్రాసు నుంచి వచ్చి గుట్టలమీద బంగళాలు కట్టుకుంటున్న రోజులవి. మా అమ్మ ఆ బంగళాలకు రాళ్ళు మోసేది. పక్క గదిల కోస్తా దిక్కు నుంచి వచ్చిన అక్క ఒక్కతే ఉండేది. షూటింగులల్ల గుంపుల నిలబడుడు ఆమె పని.

ఆ ఏడు మా చెల్లెకు జరం వచ్చి ఇడువలే. వారం దినాలు ముద్ద ముట్టలే. ఏం తింటవు బిడ్డా అని అమ్మ బతిమాలితే, లడ్డు అన్నది. అమ్మ కొంగు నోట్లె కుక్కుకొని బయటికి పోయింది.

తెల్లారి పెండ్లి సీనుకు పిల్లలు కావాల్నని అక్క నన్ను ఫిలింనగర్ తీస్కపోయింది. వరుసగ విస్తర్లు, విస్తట్ల రెండేసి లడ్లు. నా పానం ఆగలే. ఒకటి తీసి గౌన్ల దాసుకున్న. అక్క చూసి చేతిమీద ఒక్కటి కొట్టింది.

"ఏయ్, వాసన చూడు! కిరసనాయిలు చల్లారే. సీను అయ్యేదాకా ఎవరూ తినకుండా చల్లుతారు. ఇది పెడితే పిల్ల ఏమైపోద్ది?"

"నీకేంది, నీ చెల్లె కాదు గదా!" అన్న. ఆ మాట యాదికొస్తే ఇప్పటికీ నా నోరు నేనే కాల్చుకోవాలనిపిస్తది.

మధ్యాహ్నం అందరికీ అన్నం పొట్లాలు పంచిండ్రు. మీద చిన్న మిఠాయి ముక్క. ఆకలికి నా పొట్లం మిఠాయితో సహా ఊడ్చేసిన. చెల్లె యాదికే రాలే. అక్క తన పొట్లం విప్పకుండనే కొంగుల కట్టుకున్నది.

"నువ్వు తినవా అక్కా?"

"ఇవాళ శనివారం కదమ్మా, నాకు ఒక్కపొద్దు. మీవాళ్ళే నేర్పారుగా!"

పొద్దుగూకేదాకా ఎండల నిలబడి ఒట్టి నీళ్ళే తాగింది.

ఆ సాయంత్రం చెల్లె అక్క చేతుల రెండు ముద్దలు తిన్నది. మిఠాయి చీకింది. దానికే మా అమ్మ మొహం ఎంత వెలిగిందో. నాలుగోనాడు చెల్లె పోయింది.

మట్టి చేసినంక అక్క ఆడనే మోకాళ్ళమీద కూసొని ఏసయ్యను మొక్కింది. అప్పుడు తట్టింది నాకు. ఆదివారం చర్చికి పోయే అక్కకు శనివారం ఒక్కపొద్దు ఏంది? అమ్మనడిగితే, "ఆ దినమే తెలుసు బిడ్డా నాకు. తెలిసీ వద్దనలేకపోయిన" అన్నది.

మొన్న మా ఆయన పోయినంక నెల దినాలు నేను పొయ్యి ముట్టియ్యలే. ఎవరికోసం వండాలె? ఇగ చాలు అనుకున్న. ఒకనాడు ఎదురింట్ల కిరాయికున్న బాలింత గడపల నిలబడ్డది. "అవ్వా, జర అన్నముంటే పెడ్తవా? కండ్లు తిరుగుతున్నయి" అన్నది. లేచి బియ్యం కడిగిన. ఆమె తింటుంటే చూసుకుంట కూసున్న. ఎన్నాళ్ళకో నాకూ ఆకలైంది.

గప్పటి సంది ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తున్న. తినేటోళ్ళు ఎవరన్న దొరికిన నాడు నాకూ ముద్ద దిగుతది. దొరకని నాడు దిగదు.