నురుగు రాని నీళ్లు
హైదరాబాదులో కంప్యూటర్ కొలువులు పెరిగినకొద్దీ ఎంకపల్లి చుట్టూ ఫామ్‌హౌసులు లేచాయి. చాకలి మైసమ్మ రేవు కాస్తా ఎవరిదో కాంపౌండు గోడలో కలిసిపోయింది. ఊళ్లో ఇంటింటికీ వాషింగ్ మిషన్లొచ్చాయి. ఆమెకు మిగిలింది తరతరాలుగా ఊళ్లోనే ఉన్న శకుంతలమ్మ కట్టించిన ఫామ్‌హౌసు ఒక్కటే. వారం వారం ఐటీ పిల్లలు వచ్చి ఆడిపాడి పోతే, వాళ్లు పడుకున్న తెల్ల దుప్పట్లు ఉతకడం పని. మొగుడు చెన్నయ్యకు నడుము పడిపోయి ఏడాదైంది. ఆ పనీ పోతే పొయ్యి మీద ఎసరు లేదు.

ఆ ఎండాకాలం ఫామ్‌హౌసు పాత బోరు ఎండిపోతే వెయ్యి అడుగుల కొత్తది వేశారు. మైసమ్మ దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మింది. పప్పు ఉడకని నీళ్లు! అందులోని సున్నమే సబ్బు పొడిని మింగేస్తుంటే ఇక నురుగెక్కడిది? పిడికెడు పట్టే చోట మూడు పిడికెళ్లు పోసింది. అయినా దుప్పట్లు బూడిద రంగు తిరిగి, ఎండాక అట్టల్లా బిగుసుకున్నాయి.

తొలకరి పడ్డాక ఒక పొద్దున శకుంతలమ్మ గంగాళంలోకి తొంగిచూసింది. "పాకిట్లకు పాకిట్లు తెప్పిస్తున్న. నురుగేది మైసమ్మా? ఇంటికి గిట్ల మోస్తున్నవా?"

మైసమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను దొంగనా అమ్మా? మూడు తరాల సంది మీ బట్టలే ఉతుకుతున్నం. జర నిలబడుండ్రి, మీరే చూడుండ్రి!"

రెండు బకెట్లు తెచ్చింది. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో రేకుల కింద పట్టిన వాన నీళ్లు. రెండింట్లోనూ చెంచాడు పొడి శకుంతలమ్మ చేతే వేయించి, చెయ్యి పెట్టి గిలకొట్టింది. వాన నీళ్లు పాలలా పొంగాయి. బోరు నీళ్ల మీద తెట్టు తప్ప ఏమీ లేదు.

శకుంతలమ్మ ముఖం చిన్నబోయింది. "నిజమే. నీ తప్పేం లేదు. నోరు జారిన."

మైసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పాపం, గెలిచాననుకుంది.

"అంటే ఈ నీళ్లల్ల ఎవరుతికినా గింతేనన్నట్టు. ఇంక ఇక్కడ ఉతుకుడే దండుగ. రేపటి సంది దుప్పట్లు సిటీ లాండ్రీకి పంపిస్త."

"వాన నీళ్లు పట్టి ఉతుకుతనమ్మా!"

"వాన ఎన్ని దినాలు పడతది మైసమ్మా?"

మైసమ్మ రెండు బకెట్లూ బోర్లించి ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి చెబితే చెన్నయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీ, దొంగ అన్న పేరన్నా పోయింది కద."

"నీ తెలివి తెల్లారిపోను!" మైసమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చింది. "నేనే తీసిన, తప్పైందని కాళ్లు మొక్కితే తిట్టుకుంటైనా పనిల ఉంచుకుంటుండె."