గురునాథరావు టేపూ, జోగమ్మ బిందె

మా గురునాథరావు చేతికి ఏది ఇచ్చినా ముందు కొలుస్తాడు. తినేదైతే కొలిచాక తింటాడు, తాగేదైతే కొలిచాక తాగుతాడు, కూర్చునేదైతే అతను కొలిచేలోగా మరొకరు కూర్చునేస్తారు. జేబులో టేపు, చెవి మీద పెన్సిలు, చంకలో నోటుపుస్తకం. అరవై నాలుగేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు ట్యాంకులు తయారుచేసే షెడ్డులో ఇనపరేకు మీద సుద్దతో గీతలు గీశాడు. ఆ గీతల వెంట కోసి, వంచి, అతికితే రేకు ట్యాంకయ్యేది. రేకులో ట్యాంకును చూసీ చూసీ, చివరికి లోకంలో దేన్ని చూసినా దాని ఆకారం, ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం తప్ప ఇంకేమీ కనిపించని స్థితికి వచ్చేశాడు.

పొద్దున్నే భార్య మహాలక్ష్మమ్మ గారు "అన్నం ఎంత పడీమంటారు?" అని అడుగుతుంది.

"మనిషికి మూడొందల ఘన సెంటీమీటర్లు."

"ముందు మిమ్మల్ని డేశాలో కూకోబెట్టి కొలవాల!"

"నాను పట్టను. నా పొట్ట అర్ధగోళం. డేశా స్థూపం."

కూర్మన్నపాలెం జంక్షన్లో టీ కొట్టు ఉమామహేష్ ఓసారి గ్లాసులు మార్చాడు. గురునాథరావు టీ ముట్టకుండా గ్లాసును చుట్టూ తిప్పి చూశాడు.

"ఏటి తాతా, ఈగేటైనా పడిందేటి?"

"ఈగ కాదురా. ఇది తల కోసి బోర్లించిన శంకువు. దీని అడుగు సన్నం సేసీసినావు. పాత గ్లాసు మీద పద్దెనిమిది మిల్లీలీటర్లు తక్కువ."

"గట్టిగా అనకు తాతా, జనం ఇంటారు!"

ఆ రోజు నుంచి ఉమామహేష్ పాత గ్లాసొకటి దాచిపెట్టి గురునాథరావుకి మాత్రం అందులోనే పోస్తున్నాడు. మన దేశంలో ప్రశ్నించిన వాడికి న్యాయం జరగదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. జరుగుతుంది. ఆ ఒక్కడికి జరుగుతుంది.

మద్దిలపాలెం వెళ్ళే సిటీ బస్సులో ఒకసారి ఇద్దరం వేలాడుతూ నిలబడ్డాం. నా మోచెయ్యి ఎవరి చంకలో ఉందో నాకే తెలీదు.

"దీర్ఘఘనం బావా ఇది," అన్నాడు గురునాథరావు, బస్సు కప్పు వైపు చూస్తూ. "సమంగా పంచితే మనిషికో బీరువా అంత జాగా రావాల. మనకి సొరుగు కూడా రాలేదు."

"తాతా," అన్నాడు కండక్టరు, "నీ ఘనపరిమాణం కాస్త లోనికి జరుపు."

ఇలా నవ్వుకుంటూ బతుకుతున్న మా వీధికి పోయిన వేసవిలో నీళ్ళ కరువు వచ్చింది. కుళాయిలు ఎండిపోయాయి. రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది. దాని పొట్ట మీద 'ఐదు వేల లీటర్లు' అని మూరెడు మూరెడు అక్షరాలు. మావి ఇరవై ఏడు ఇళ్ళు. ఐదు వేల లీటర్లయితే ఇంటికి పన్నెండేసి బిందెలు వస్తాయి. కానీ పద్దెనిమిది ఇళ్ళకి అందేసరికి గొట్టం గురగురమనేది. పందొమ్మిదో ఇంటికి ఏడు బిందెలు. మిగతా ఎనిమిది ఇళ్ళకి ఆ గురగుర.

వీధి కమిటీ కార్యదర్శిని నేనే. నీళ్ళ ఆఫీసుకి పదకొండు అర్జీలు రాశాను. ప్రతి అర్జీలోనూ ప్రజల దాహార్తి, పాలకుల నిర్లక్ష్యం, నిప్పులు చెరిగే వాక్యాలు. పదకొండింటికీ ఒకటే జవాబు: 'నిర్ణీత పరిమాణంలో సరఫరా జరుగుతున్నది. వాడకంలో లోపం గమనించుకోగలరు.'

ఆ జవాబుతో మేం ఆఫీసు మీద పడాల్సింది. ఒకరి మీద ఒకరం పడ్డాం. న్యాయంగా ఉంటుందని ఓసారి ఈ చివరి నుంచి, ఓసారి ఆ చివరి నుంచి పంపిణీ పెట్టాం. దాంతో చివరి ఇళ్ళకి ఓ ట్యాంకరు విడిచి ఓ ట్యాంకరుకి ఎండ, నడిమి ఇళ్ళకి ఎప్పుడూ నీళ్ళు. సరిగ్గా నడిమధ్య పద్నాలుగో ఇల్లు జోగమ్మది. హార్బరు నుంచి తట్టతో చేపలు తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్ముకునే మనిషి. ఆమె బిందె పాతకాలపు సత్తు బిందె, అడ్డంగా బలిసి గుమ్మడికాయలా ఉంటుంది. ఇంకేం కావాలి!

"పతీసారీ దీనికే ఎలాగ దొరుకుతాయి నీల్లు?" అంది మొదటింటి రోజారమణి. "ఆ బిందె సూడండి. ఒకటని రెండు పట్టుకుపోతంది. సేపలు కడగాల గదా మరి!"

జోగమ్మ తట్ట దింపింది. "ఓలమ్మా, దొంగతనం సెయ్యాలంటే నాకు సముద్రం లేదేటి? నీ ఈది ట్యాంకరే గావాలేటి?"

ఎవరూ వినలేదు. కమిటీ కూర్చుంది. విషయం తేలేవరకు జోగమ్మకి పన్నెండు బదులు నాలుగే బిందెలని తీర్మానించింది. ఎండాకాలంలో, ఇంట్లో మంచం పట్టిన అత్తతో, నాలుగు బిందెలు. ఆ తీర్మానం రాసిన చెయ్యి నాదే. అందులోనూ ప్రజాస్వామ్యం అనే మాట రెండుసార్లు వాడాను.

మర్నాడే గురునాథరావుకి పిచ్చి ముదిరింది. టేపూ పుస్తకం పట్టుకుని మొదటింటి నుంచి బయల్దేరాడు.

"అమ్మా రోజారమణీ, మీ బిందె ఓపాలి పట్రా."

"ఏల మావయ్యా?"

"గోళం పైన స్థూపం. కొలవాల."

ఇరవై ఏడు ఇళ్ళూ తిరిగాడు. బిందె మెడకి, నడుముకి, అడుగుకి టేపు చుట్టాడు. లీటరు చెంబుతో ఇసక పోసి లెక్క సరిచూసుకున్నాడు. "నీళ్ళు లేక సస్తంటే ఈ ముసిలోడు ఇసక పోస్తాడేటి!" అని వీధి వీధంతా నవ్వింది. పిల్లలు వెంటపడ్డారు. మా ఆవిడ ధనలక్ష్మి బిందె ఇస్తూ, "మీ స్నేహితుడు రేపు నా నడుం కొలుస్తానంటే ఇంట్లోకి రానీను," అని నాకు నోటీసిచ్చింది.

అలా వారం కొలతలు తీశాక, ఓ రోజు ఎప్పటిలాగే ట్యాంకరు వచ్చింది. బిందెలతో తోసుకుంటూ ఉండగా ఎవరో కేకేశారు. చూస్తే గురునాథరావు ట్యాంకరు వెనక మెట్ల మీద, నోట్లో పెన్సిలు, టేపు ఒక కొస ఈ అంచున, ఇంకో కొస కోసం ఆ అంచుకి వేలాడుతూ.

"తాతా, దిగు! ఏటి సేత్తన్నావు?" డ్రైవరు నరేష్ లబలబలాడాడు.

"కొలత్తన్నాను!"

"పడితే నా మీదకొత్తాది!"

"అడ్డం నూట యాభై!" అరిచాడు గురునాథరావు. తర్వాత టేపు కిందికి వదిలి, కళ్ళు చికిలించి, నిధి దొరికిన వాడిలా కేకపెట్టాడు. "నిలువు వందే! బావా, నిలువు వందే! ఇది గుండ్రం కాదు, కోడిగుడ్డు!"

మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. గురునాథరావు దిగి, ఉమామహేష్ కొట్టుకి పరిగెత్తి ఖాళీ నెయ్యి డబ్బా తెచ్చాడు. ట్యాంకరు గొట్టం కింద పెట్టి అంచుదాకా నింపాడు. అందరి మధ్యా రోడ్డు మీద పెట్టి డబ్బా పక్కటెముకల మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. డబ్బా అడ్డంగా బలిసింది. నీళ్ళు బొళబొళా బయటికి దూకాయి.

"రేకు అదే. అంగుళం కోసినానా? చూసేవోడికి డబ్బా పెద్దదైనట్టే ఉంటాది. కానీ లోపల జాగా పోయింది. ఈ ఒలికిన నీల్లున్నాయే, ఇవే మీ ఎనిమిది ఇల్ల నీల్లు."

గురునాథరావు నోటుపుస్తకం తెరిచి లెక్క చదివాడు.

"ఇది నిజంగా గుండ్రంగా ఉంటే ఐదు వేలు పట్టును. నొక్కిన ఆకారం కాబట్టి మూడు వేల మూడొందల ముప్పై పడతంది. సుమారు పదహారు వందల డెబ్బై లీటర్లు లేవు. అంత పట్టే బిందె ఈ ఈదిలో లేదు. ఉంటే దాన్నెత్తడానికి జోగమ్మ సాలదు, పోర్టు నుంచి క్రేను రావాల."

మొట్టమొదట రోజారమణే బిందె బోర్లించి ట్యాంకరు ముందు కూర్చుంది. ఆమె పక్కన ఇరవై ఆరు బిందెలు బోర్లా పడ్డాయి. పదకొండు అర్జీలకి కదలని ఆఫీసు రెండు గంటల్లో కదిలింది. హిమబిందు అనే చిన్న వయసు ఇంజనీరమ్మ ఫైలుతో దిగింది. గురునాథరావు నోటుపుస్తకం, ఫైలు పక్కపక్కనే పెట్టుకుని లెక్క వేసింది. మళ్ళీ వేసింది. ముఖం ఎర్రబడింది.

"ఫారంలో వ్యాసం అని ఒకటే గడి ఉందండీ," అంది చిన్నగా. "అడ్డం కొలిచి రాసేశారు. నిలువు రాయడానికి గడి లేదు."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోందమ్మా?" అన్నాను కార్యదర్శి హోదాలో.

"దానికీ గడి లేదండీ."

ఆమె మంచిది. అక్కడే నిలబడి ఫోన్లు చేసింది. సాయంత్రానికి రెండో ట్రిప్పు వచ్చింది, అప్పటి నుంచి వస్తూనే ఉంది. ట్యాంకరు పొట్ట మీద అంకెకి మాత్రం ఇంకా పాత రంగే. దాన్ని మార్చే ఫైలు వేరే సెక్షనులో ఉందట.

నేను జోగమ్మ ఇంటి ముందే తీర్మానం చింపాను. క్షమించమన్నాను.

"కాయితాలు సింపడం సులువే బాబూ," అంది. "ఈపాలి రాసే ముందు బిందె ఓపాలి ఎత్తి సూడు."

ఆ సాయంత్రం గురునాథరావు వరండాలో కూర్చుని అతని పుస్తకం తిరగేస్తున్నాను. ఇరవై ఏడు ఇళ్ళూ వరసగా ఉన్నాయి. జోగమ్మ బిందె పదమూడు లీటర్లు. అడుగు లోపలికి సొట్టపోయింది, వీధిలోకెల్లా చిన్నది. అన్నిటికన్నా పెద్దది పద్దెనిమిది లీటర్లు. ఇంటి యజమాని పేరు చదివి నాకు దాహం వేసింది. అది మా ధనలక్ష్మి బిందె.

"ఇది వీధిలో చెప్పలేదేం?"

"ఎవులూ అడగనేదు గదా బావా."

"సరే, ట్యాంకరు ఒక్కటీ కొలిస్తే తేలిపోయేదిగా. ఎర్రటెండలో ఇరవై ఏడు బిందెలకి ఇసక పొయ్యడం దేనికి?"

అతను పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"ముందు బిందె సంగతే గదా తేల్చాల. ఒక్క జోగమ్మదే కొలిస్తే, ఆవిడ దొంగన్నట్టు. అందరివీ కొలిస్తే, నాను పిచ్చోడినన్నట్టు. పిచ్చోడి పేరు నాకెలాగూ ఉన్నదే."

అంతలో జోగమ్మ మెట్లెక్కి వచ్చి సత్తు గిన్నె మా మధ్య పెట్టింది. మూత తీస్తే రొయ్యల ఇగురు ఘుమఘుమలు.

"తిను బాబూ. ముందు కొలుత్తావో ఏటో, వేడి సల్లారిపోద్ది."

గురునాథరావు చెయ్యి జేబులో టేపు దాకా వెళ్ళింది. చెయ్యి ఆగింది, వెనక్కి వచ్చింది, సరాసరి గిన్నెలోకి దిగింది.

"బావా, కొలత?" అన్నాను.

"నిండుగా ఉన్న గిన్నెకి టేపు సరిగా దిగదు," అన్నాడు నోరు నిండా రొయ్యలతో. "ఖాళీ సేసినాక కొలుద్దాం. సాయం పట్టు."