టిష్యూ తీసుకోవాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాయినది చీరల దుకాణం. పుట్టింది పోచంపల్లిలో, మగ్గం పక్కనే. నేను ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. టిష్యూ అంటే ఆయనకు జరీతో మెరిసే చీర, నాకు కలిసి ఒకే పని చేసే కణాల గుంపు. ఆ రెండూ మా ఇంట్లో ఎన్నడూ ఎదురుపడలేదు.

ఆయన మెడలో గడ్డ లేచింది. ఎల్‌బీనగర్‌ దవాఖానలో డాక్టరమ్మ చూసి, టిష్యూ తీసుకోవాలి, రేపు రండి అందట. నేను మందుల లైన్లో ఉన్నాను. ఆ మాట రోజంతా ఆడవాళ్ల నోట వినే మనిషి, ఆమెకూ చీరే కావాలనుకున్నాడు. మర్నాడు సంచిలోంచి చీరలు తీసి ఆమె బల్ల మీద పరిచాడు. నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మది గుంటూరు వైపు. తేనెరంగు చీర అంచు పట్టి చూసి, "ఇది నాకోసం ఉంచండి బాబాయి గారూ. మీకు తగ్గాక షాపుకొచ్చి, బేరమాడి మరీ తీసుకుంటాను" అంది. ఆ తర్వాత పరీక్షకని గడ్డలోంచి చిన్న ముక్క తీసింది.

ఆటోలో ఆయన ముఖం చిన్నబోయింది. నా కోపం చల్లారింది. నువ్వేం తప్పనుకోలేదు నాయినా, టిష్యూ అంటే మొదట నేసిన బట్టే అన్నాను. ఫ్రెంచివాళ్ల మాట. శరీరాన్ని కోసి చూసినవాళ్లకు లోపలి పొరలు బట్టలా కనిపించి ఆ పేరు పెట్టారు. దాన్ని చదివే హిస్టాలజీ పేరులో గ్రీకుల మగ్గం ఉంది. మనవాళ్లు కణజాలం అన్నారు, కణాల వల.

"వల ఏంది, చేపలు పట్టనీకా? మగ్గమే మంచిగున్నది" అన్నాడు. మెడ తడుముకుని, పోగు తెగితే అతుకుతం, మరి దీన్ని అతుకుతరా అని అడిగాడు.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ నన్నొక్కదాన్నే పిలిచింది. క్యాన్సర్. ఊపిరితిత్తులకు పాకింది, ఇక నెలలే అంది. ఆయనకు చెప్పొద్దని బతిమాలాను. మందులతో తగ్గుతుందన్నాం. ఆయన తలూపాడు. తేనెరంగు చీర మాత్రం ఎవరడిగినా అమ్మలేదు.

ఒక సాయంత్రం నేను దుకాణానికి వెళ్లేసరికి, విప్పిన చీరలు మడతపెడుతున్నాడు. డాక్టర్ మేడం వచ్చిందట, చాయ్ తాగిందట, ఆ చీర తీసుకుపోయిందట. మంచిదే కదా నాయినా అన్నాను.

"కావాలనే ధర ఎక్కువ చెప్పిన బిడ్డా" అన్నాడు. "బేరం చెయ్యలే."