నాలుగు వందల పదమూడో ఫైలు

ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పని చేశాను. అందులో ఇరవై రెండు ఒమాన్‌లోనే. చనిపోయినవాళ్ళ కళ్ళు మూసి, ఒళ్ళు తుడిచి, దవడ కట్టి, చేతులు కడుక్కుని వెళ్ళి అన్నం తిన్న రోజులు చాలా ఉన్నాయి. ఒక్కరూ లేచి కూర్చోలేదు. డ్యూటీలో చిన్న నర్సులు దయ్యాల కథలు చెప్పుకుంటుంటే కసిరేదాన్ని. ఇప్పటికీ ఆ మాట నా నోటితో అనను. జరిగింది మాత్రం నా డైరీలో ఉన్న వరుసలో రాస్తున్నాను.

రిటైరయ్యాక కూడా ఇక్కడే, అజైబా అనే పేటలో మా అమ్మాయి సుజాత దగ్గర ఉంటున్నాను. తనూ నర్సే. శుక్రవారం మా తెలుగు ప్రార్థన అయ్యాక, ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళు కొందరు మా ఇంటికి వస్తారు. కడప వాళ్ళు, గోదావరి జిల్లాల వాళ్ళు. వాళ్ళ పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు రాసిచ్చిన అగ్రిమెంటు నేను స్కాన్ చేసి నా ల్యాప్‌టాప్ కంప్యూటర్‌లో దాస్తాను. పాస్‌పోర్టు చాలామందికి చేతిలో ఉండదు. పనిలో పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, దగ్గరే ఉంటుంది. ఏదో పని మీద ఒక్క గంట చేతికొస్తే చాలు, నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. మనిషికి ఏదైనా అయితే ఆ కాపీయే దిక్కు.

నా స్కానర్‌కు మూత విరిగిపోయింది. అందుకని కాగితం ఎవరిదో వాళ్ళే దాన్ని అద్దం మీద చేత్తో అదిమి పట్టుకోవాలి. అంచు దాటిన వేళ్ళ కొనలు కూడా కాపీలో పడతాయి. నేను వాటిని కత్తిరించను. గోళ్ళలో మట్టి, ఉల్లిపాయ కోసిన గాట్లు, గోరింటాకు. పేరు చూడకుండానే ఏ కాగితం ఎవరిదో చెప్పగలను.

ఇన్ని కాగితాలు ఒక్క కంప్యూటర్‌లో ఉంచడం ప్రమాదమని సుజాత ఇంటర్నెట్ బ్యాకప్ పెట్టింది. ఫైళ్ళు మన కంప్యూటర్‌లోనే తాళం పడి, ఆ తర్వాతే బయటికి వెళతాయి. ఆ కంపెనీవాళ్ళు కూడా తెరిచి చూడలేరు. పాస్‌వర్డ్ నాది. ఎక్కడా రాయలేదు, సుజాతకు కూడా చెప్పలేదు. మర్చిపోతే అన్నీ పోయినట్టే. ప్రతి గురువారం ఉదయం పది గంటలకు బ్యాకప్ నడిపి, కొత్తగా ఎన్ని వెళ్ళాయో, మొత్తం ఎన్నో డైరీలో వేసుకుంటాను.

రత్నమ్మది కడప దగ్గర పల్లె. సమాయిల్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో, కఫీల్ ముసలి తల్లిని చూసుకునేది. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పడి కుడి చూపుడువేలు కొన తెగిపోయింది. మొదటిసారి వచ్చినప్పుడు అగ్రిమెంటు అద్దం మీద పెట్టి ఒకటే నవ్వు.

"సిస్టరమ్మా, నీ మిషనుకు మూత లేదు, నా యేలికి కొన లేదు. ఇద్దరికీ సరిపాయ!"

"పాస్‌పోర్టు ఏదమ్మా?" అన్నాను.

"అది మా బాబా, అదే మా కఫీలు, ఇనప్పెట్టెలో ఉండాది. ఈసారి అడిగి తెస్తాలే. నువ్వు కోప్పడొద్దు, నీ మొగం సూస్తే నాకు ఇంజక్షన్ గుర్తొస్తాది."

మూడు శుక్రవారాలు అదే మాట చెప్పింది. మూడుసార్లూ "రత్నమ్మ, పాస్‌పోర్టు రావాలి" అని డైరీలో రాశాను.

ఒక ఆదివారం ఉదయం రత్నమ్మ వంటింట్లో పడిపోయింది. పక్కింట్లో ఉండే కఫీల్ చెల్లెలు చూసేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు. నలభై మూడేళ్ళు. కఫీల్ వైద్యానికి వేరే దేశం వెళ్ళి ఉన్నాడు. ఫోన్‌లో ఏడ్చాడట. మంచివాడే. కానీ పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో ఉంది, తాళంచెవి ఆయన దగ్గర ఉంది. ఎప్పటికి వస్తాడో డాక్టర్లు చెప్పాలి.

మా ప్రార్థనలో పెద్ద, దేవదానం గారు, ఇలాంటి పనులన్నీ చూస్తారు. "పాస్‌పోర్టు కాపీ ఒక్కటి ఉంటే కాగితాలు కదుపుతాను సిస్టర్. లేకపోతే ఆయన వచ్చేదాకా ఆగాల్సిందే," అన్నారు. ఆ కాపీ ఊళ్ళో రత్నమ్మ తల్లి దగ్గరా లేదు, ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. ఆ తల్లి నాకు రోజుకు నాలుగైదుసార్లు ఫోన్ చేసేది.

"సిస్టరమ్మా, పూడ్సేలోపల నా బిడ్డ మొగం సూడాల. యెన్ని దినాలు పడతాదో సెప్పు. నీకు అన్నీ తెల్సంట గదా."

మంగళవారం దేవదానం గారితో సమాయిల్ వెళ్ళాను. మార్చురీలో గుర్తుపట్టి సంతకం పెట్టింది నేనే. నా సంతకం పక్కన టైము పదకొండు ఇరవై. కుడి చెయ్యి దుప్పటి బయట ఉంటే లోపలికి సర్దాను.

గురువారం మామూలుగా పది గంటలకు బ్యాకప్ నడిపాను. వెనకటి గురువారం మొత్తం నాలుగు వందల పన్నెండు. ఆ వారం నేనేమీ స్కాన్ చేయలేదు. స్కానర్ వైరు చుట్టి బీరువా పక్కన ఉంది. కొత్తవి సున్నా అని రావాలి.

మొత్తం నాలుగు వందల పదమూడు అని వచ్చింది.

కంప్యూటర్‌లో ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండే ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టాను, అంతే. ఎక్కువ ఉన్న ఆ ఒక్కటీ బ్యాకప్‌లోనే ఉంది. పంపింది నా కంప్యూటరే అని చూపిస్తోంది. పంపిన సమయం మంగళవారం, పదకొండు ఇరవై.

ఆ టైముకు నేనెక్కడున్నానో పైన రాశాను. సుజాత డ్యూటీలో ఉంది. ఇంటికి తాళం వేసి ఉంది. కంప్యూటర్ ఆపి వెళ్ళాను.

తెరిచి చూడాలంటే దాన్ని వెనక్కి దించుకోవాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. మూడేళ్ళుగా కొడుతున్న పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి కుదిరింది. పేజీ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది.

రత్నమ్మ పాస్‌పోర్టు. ఫోటో, నంబరు, తండ్రి పేరు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. దాని అంచు కింద నాలుగు వేళ్ళు. చూపుడువేలికి కొన లేదు.

పాత ఫైలేదో చూడకుండా వదిలేశాననుకోబోయాను. అప్పుడు ఆ వేళ్ళను సరిగ్గా చూశాను. బతికున్న మనిషి అద్దానికి వేలు అదిమితే, అదిమిన చోట తెల్లబడుతుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది. రక్తం పక్కకు జరుగుతుంది కాబట్టి. నా దగ్గరున్న ప్రతి కాపీలోనూ అలాగే ఉంది. ఈ వేళ్ళు ఎక్కడా తెల్లబడలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే రంగు, బూడిదలో ఊదా కలిసినట్టు. ఆ రంగు నాకు తెలుసు. రెండు రోజుల కిందట దుప్పటి లోపలికి సర్దిన చెయ్యి అదే రంగులో ఉంది.

నా గదిలో చేసిన కాపీలన్నిటికీ కుడి పక్క కిటికీ వెలుతురు పడి తెల్లటి చార ఉంటుంది. దీనిలో లేదు. చీకట్లో చేసినట్టు, పాస్‌పోర్టు చుట్టూ నలుపు.

పట్టపగలు పదిన్నర. కింద వీధిలో కార్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. స్కానర్ నాకు మూడడుగుల దూరంలో, మూత లేకుండా, అద్దం పైకి ఉంది. దాని వైపు చూడలేకపోయాను. కంప్యూటర్ ఎత్తుకుని వీధి తలుపు బార్లా తీసి, వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. కీర్తన పాడదామంటే మొదటి మాట గుర్తు రాలేదు. నా ఇంట్లోకి, నా తాళంలోకి, నా మనసులో తప్ప ఎక్కడా లేని ఆ పాస్‌వర్డ్‌లోకి ఎవరో వచ్చి వెళ్ళారు.

అప్పుడే రత్నమ్మ తల్లి ఫోన్. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు; గురువారం మధ్యాహ్నం ఆఫీసులు మూస్తే మళ్ళీ ఆదివారమే. ఆ ఫైలు తుడిచేసి నేను చూడలేదనుకోవచ్చు. అలాగైతే రత్నమ్మ ఆ మార్చురీ పెట్టెలోనే ఉంటుంది. వరండాలో నేల మీద కూర్చుని, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక కాపీలో వేళ్ళు కత్తిరించాను. మిగిలింది దేవదానం గారికి పంపాను.

వెంటనే ఫోన్ చేశారు. "దేవుడికి స్తోత్రం! ఎక్కడ దొరికింది సిస్టర్?"

"బ్యాకప్‌లో ఉంది," అన్నాను. అది అబద్ధం కాదు.

సాయంత్రం సుజాత వచ్చేదాకా లోపలికి వెళ్ళలేదు.

"నువ్వే చేసి మర్చిపోయుంటావే అమ్మా," అంది.

"మర్చిపోవడానికి నేనేమన్నా పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ పట్టుకునే రకాన్నా?"

నవ్వింది. నేను ఫైలు చూపించాను. తనూ నర్సే కదా. వేళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నా మంచం తన గదిలోకి జరిపించింది.

బ్యాకప్ కంపెనీకి తనే రాసింది. రెండు రోజులకు జవాబొచ్చింది. ఫైలు మీ కంప్యూటర్ నుంచే, మీ తాళంతోనే వచ్చింది, లోపల ఏముందో మాకు కనపడదు అని.

తర్వాతి బుధవారం రత్నమ్మను విమానంలో పంపారు. మొగం చూశానని తల్లి ఫోన్ చేసి చెప్పింది.

ఆ తర్వాత పదకొండు రోజులకు కఫీల్ వచ్చాడు. దేవదానం గారి ముందు ఇనప్పెట్టె తెరిచి పాస్‌పోర్టు ఇచ్చాడు. తను వెళ్ళాక ఆ పెట్టె ఎవరూ తీయలేదని, రత్నమ్మ ఎప్పుడూ దాన్ని అడగలేదని చెప్పాడట. అడగడానికి మొహమాటపడి ఉంటుంది. ఎంబసీలో అప్పగించేలోపు ఒక్క పది నిమిషాలు నాకివ్వమని దేవదానం గారిని అడిగాను.

భూతద్దం పెట్టి కాపీని, అసలును పక్కపక్కన చూశాను. నంబరు, తేదీలు, సంతకం. ఫోటో మీద చిన్న గీత. కింది అంచున పసుపు మరక. ఒక్క అంకె తేడా ఉంటే చాలని మనసులో ప్రార్థించాను. తేడా ఉంటే ఎవరో తయారు చేసిన దొంగ కాపీ అనుకుని, ఆ మనిషిని వెతికి నాలుగు తిట్టి, నా గదికి నేను తిరిగి వెళ్ళేదాన్ని. మూడుసార్లు సరిచూశాను. అన్నీ సరిపోయాయి.

ఎలాగో నాకు తెలియదు. డైరీలో ఆ గురువారం పక్కన కారణం రాయడానికి రెండు వరుసలు వదిలాను. అవి ఖాళీగానే ఉన్నాయి.