మోటర్లు ఆపించిన చదువు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా ములకలపల్లి వైపు కంప్యూటర్ అన్న మాట విన్నవాళ్లే గానీ దాన్ని చూసినవాళ్లు తక్కువ. నేను మాత్రం ఖమ్మంలో డిగ్రీ వెలగబెట్టిన మూడేళ్లలో కాలేజీలో ఎంతసేపున్నానో, గంటకింతని తీసుకుని కంప్యూటర్ ఆటలాడించే ఒక ఇరుకు గదిలోనూ అంతసేపే ఉన్నాను. అక్కడి కార్ల పందెం ఆట నన్ను దయ్యంలా పట్టుకుంది. డిగ్రీ అయి ఇంటికొచ్చాక అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. అమ్మ పాపం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. (దిష్టి కాదమ్మా, తొమ్మిదో పందెం దాటలేని బాధ అని ఎట్లా చెప్పను?) చివరికి ఒక రోజు నాన్న దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఇంట్లో కంప్యూటర్ ఉంటే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాననీ, ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమనీ చెప్పాను. ఆటల ఊసు ఎత్తలేదు. నాన్న రెండు రోజులు లెక్కలు వేసుకున్నాడు. మూడో రోజు పత్తి అమ్మిన డబ్బులోంచి ముప్పై వేలు తీసి నా చేతిలో పెట్టాడు. "మోటరు కొంటే పదేండ్లు నడుస్తది. గిది ఆరేండ్లన్న నడవాలె. నడుమల పాడైంది, ఇంకోటి కావాలె అంటే నాకాడ లేవు బిడ్డా," అన్నాడు. అవునని తల ఊపాను.

ఆరేళ్లు నడవాలి, ఆటలాడాలి, ముప్పై వేలు దాటకూడదు. ఈ మూడూ ఒక్క కాగితం మీద కలవవని తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. ప్రాసెసర్ గట్టిది తీసుకుంటే మానిటర్ చిన్నదైపోతుంది. చౌకది తీసుకుంటే రెండేళ్ల తర్వాత వచ్చే ఆటలు దాని మొహం కూడా చూడవు. ర్యామ్ రెట్టింపు చేస్తే హార్డ్ డిస్క్ సగమవుతుంది. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఆ కాగితాన్ని చిల్లులు పడేదాకా దిద్దాను. దానికి తోడు, బేరం తెలియనివాణ్ణని నాన్న నా వెంట మా చిన్నమామను పంపాడు. మామ ఎడ్ల సంతలో పండిపోయినవాడు. ఖమ్మంలో విడిభాగాలు బిగించి ఇచ్చే దుకాణంలోకి అడుగు పెట్టగానే ఖాళీ క్యాబినెట్‌ను రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. మదర్‌బోర్డు చూపిస్తే, "ఇది గింత పల్చగుందేంది? ఇది ఎన్ని హెచ్‌పీ?" అని నిలదీశాడు. అంతటితో ఆగాడా, దుకాణాయన చెయ్యి పట్టుకుని దాని మీద తన కండువా కప్పి, సంతలో లాగా వేళ్లు నొక్కి ధర చెప్పబోయాడు. ఆయన బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అన్నీ కుదిరాక మూడు వేల పైచిలుకు మిగిలింది. ఆ డబ్బుకు వచ్చేది రెండింట్లో ఒకటే: కరెంటు ఒడుదొడుకులను కాచుకునే యూపీఎస్, లేదంటే ఆటలకు ప్రాణం లాంటి గ్రాఫిక్స్ కార్డు. దుకాణాయన నా మొహం చూసి, "మీ ఊళ్లె కరెంటు ఎట్లుంటది తమ్మీ?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామ ఛాతీ విరిచాడు. "మా ఊళ్లె కరెంటా? మస్తుగుంటది! ముట్టుకుంటే మనిషి ఎగిరి అటుపక్క పడ్తడు!" (బేరంలో ఎదుటివాడి ముందు మన సరుకుకు గానీ మన ఊరికి గానీ వంక ఒప్పుకోవడం మామ ఇంటా వంటా లేదు.) బోర్లన్నీ ఒకేసారి మొదలైతే మా ఇంట్లో బల్బు నిప్పుకణికలా ఎర్రబడుతుందని నాకు తెలుసు, మామకూ తెలుసు. నేను నోరు మూసుకున్నాను. "అయితే కార్డు పెడుతున్నా," అన్నాడు దుకాణాయన. "ఇది దేనికి అల్లుడూ?" అని మామ అడిగితే, "కండ్లకు మంచిది మామా, అక్షరాలు సాఫ్‌గ కనపడ్తయ్," అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

ఇంటికి తెచ్చిన నాలుగో రోజు నా పాపం పండింది. మాకు మోటర్లు నడిచే త్రీఫేజు కరెంటు పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా ఉండేది, ఆ తర్వాత చీకటి పడేదాకా ఇళ్లకు కూడా కరెంటు లేదు. సాయంత్రం నాన్న నా పక్కనే పీట వేసుకుని కూర్చునేవాడు కాబట్టి నిజంగానే ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఆడుకోవాలంటే అందరూ చేనుకు పోయే పొద్దుటి పూటే గతి. ఆ రోజు తొమ్మిదో పందెంలో రెండో స్థానంలో ఉన్నాను. ఇంతలో మా బోరుతో పాటు అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మరో రెండు బోర్లు ఒక్కసారి మొదలయ్యాయి. తెర నాలుగు వైపుల నుంచీ ముడుచుకుపోయి, టప్పున ఆరిపోయి, మిషను మళ్లీ మొదటి నుంచి లేచింది. అట్లా ఒక్కరోజే అయిదుసార్లు. చచ్చాన్రా దేవుడా, ఆరేళ్లన్నది ఆరు వారాలకే బూడిదైతే నాన్నకు మొహం ఎట్లా చూపించాలి? ఆ భయంలో మధ్యాహ్నం అన్నం దగ్గర నోరు జారాను: "మోటరు పెట్టంగనే ఆగిపోతుంది నాయినా. చదువు సాగుతలేదు."

మర్నాడు తొమ్మిదైంది, మోటరు చప్పుడు లేదు. సంబరపడిపోయి ఆట మొదలుపెట్టాను. కాసేపటికి నీళ్లు తాగుదామని తలుపు తీస్తే, మా వసారాలో పక్క చేను పెద్దమ్మా, చెవికి ఎప్పుడూ రేడియో ఆనించుకుని ఉండే (ఊరంతా రేడియో బాబాయి అని పిలిచే) ఇంకో చేను ఆసామీ పారలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నాన్న ఇంటింటికీ పోయి, "మావోడు చదువుకుంటుండు, రెండు గంటలు మోటర్లు ఆపుండ్రి," అని అడిగాడట. వాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారట. పెద్దమ్మ నన్ను చూసి, "అయిందా బిడ్డా? కాకపోతే చదువుకో, తొందరేం లేదు," అంది. బాబాయి నాకోసం రేడియో గొంతు తగ్గించాడు. మరి ఆడటం మానేశానా? నా మొహం, మానలేదు! చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తలుపు గడియ పెట్టి ఆడాను. కారు మలుపు తిరిగినప్పుడల్లా గడియ ఊడుతుందేమోనని వెనక్కి చూసేవాణ్ణి. అట్లా సాగిన మూడు వారాల్లో నేను ఒక్క పందెం కూడా గెలవలేదు, మాటిమాటికీ వెనక్కి చూసేవాడు ఏం గెలుస్తాడు?

మూడో వారం చివర ఒక మధ్యాహ్నం చేనుకు అన్నం క్యారేజీ తీసుకుపోయాను. ఉన్న ఆరు గంటల కరెంటులో నా చదువుకు రెండు పోతే, చివరి సాళ్లకు నీళ్లందడం లేదు. మిరప మొక్కలు ఆకులు వాల్చేసి ఉన్నాయి. వాగు నుంచి నాన్న కావడితో నీళ్లు మోసుకొస్తుంటే, అమ్మ చెంబుతో ఒక్కో మొక్క మొదట్లో పోస్తోంది. పక్క చేలో పెద్దమ్మ ఒక్కతే నెత్తిన బిందె పెట్టుకుని నడుస్తోంది. క్యారేజీ గట్టు మీద పెట్టి, నాన్న ముందు అంతా కక్కేశాను. కార్డు, మామ అడిగినప్పుడు చెప్పిన అబద్ధం, గడియ, కార్ల పందెం, అన్నీ.

నాన్న కావడి దించాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "నాకు చెప్పినవు, సరే. వాళ్ల నీళ్లు గూడ ఆపినం గదరా. వాళ్లకెవరు చెప్పాలె?" అన్నాడు. వెళ్లాను. అంత దూరం నడక నా జన్మలో లేదు, రెండు మళ్లు దాటడమే అయినా. పెద్దమ్మ అంతా విని, బిందె దించి, "అంటే పరీక్ష గిట్ల తప్పలేదు గదా? అమ్మయ్య! లోపల్నుంచి చదివే సప్పుడు లేకపోతే, పిల్లగానికి చదువెక్కుతలేదేమో అని రోజూ రంధి పడ్తి," అంది. అటుపక్క చేలో ఉన్న బాబాయి మాత్రం రేడియో ఆపి, "మరి రేపటిసంది మోటరు ఎయ్యొచ్చా?" అని ఒక్కమాటే అడిగాడు. ఇద్దరిలో ఒక్కరు తిట్టినా ప్రాణం తేలికపడేది.

తిరిగొచ్చేసరికి, కరెంటు ఒకసారి పోయి రావడంతో ఆగిన మోటరును మళ్లీ వెయ్యడానికి నాన్న స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు. "చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. "తిట్టిండ్రా?" లేదన్నాను. "అదే కష్టం," అని పచ్చ బటన్ నొక్కాడు. మూడు కావడానికి ఇంకా అరగంట ఉంది. బోరు ఒకసారి దగ్గి నీళ్లు పోసింది. పార తీసుకుని చివరి సాలు దాకా నీళ్లు నేనే కట్టాను. ఎండిన సాళ్లలోకి నీళ్లు పాకుతుంటే గట్టు మీద నిలబడి, ఇక జన్మలో ఆట జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. ఎంత నిజాయితీగా పెట్టుకున్నానంటే, కళ్లనీళ్లు కూడా వచ్చాయి. ఆ ఇరవయ్యొక్కేళ్ల కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసే వస్తాయి. ఆ ఒట్టు సాయంత్రం ఇళ్లకు కరెంటు వచ్చేదాకా నిలిచింది. పీట వేసుకుని పక్కన కూర్చున్న నాన్న, "ఏదీ, ఆ కారేందో సూపియ్యి," అన్నాడు.