ఎల్లవ్వ ఓటు వెనక కారణం

నవత కాగితాల అట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఎల్లవ్వ మగ్గానికి దారం కండెలు చుడుతోంది. సూరత్‌లో పర్వత్ పాటియాలోని ఆ గల్లీలో ఎవరు ఓటు వేశారు, ఎందుకు వేశారు అని కాలేజీ తరఫున ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటోంది ఆ పిల్ల. తమ పద్మశాలీల బిడ్డే కావడంతో పొమ్మనడానికి ఎల్లవ్వకు నోరు రాలేదు. మొన్న ఫిబ్రవరి సంగతి మాత్రం అడగకూడదని లోలోపల దేవుణ్ణి వేడుకుంది. దేవుడికి ఆ పూట తీరిక లేనట్టుంది, మొదటి ప్రశ్నే అది.

"మొన్న కార్పొరేషన్ ఎన్నికల్ల ఓటేసినవా పెద్దమ్మా? ఎందుకేసినవ్?"

ఎల్లవ్వ చేతిలో దారం తెగింది.

కిందటేడు లాక్‌డౌన్‌లో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆగి, పొయ్యిలోంచి పిల్లి లేవని రోజుల్లో గల్లీలో బియ్యం పంచారు. పంచేవాడు ఓటర్ల జాబితా చూసి, మీ పేర్లు లేవు పొమ్మన్నాడు. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో సాంచాలు నడిపినా వాళ్ల ఓట్లు సొంతూరు సిరిసిల్లలోనే ఉండిపోయాయి మరి. ఆ అవమానం ఎల్లవ్వకు అరగలేదు. మొగుడు సోమలింగం వెంటపడి ఇద్దరి పేర్లూ ఇక్కడ ఎక్కించింది. ఓటు వేయకపోతే పేరు కొట్టేస్తారని ఎవరో అంటే నమ్మింది. ఒకసారి చెయ్యి కాలినవాళ్లు నమ్మక ఏం చేస్తారు?

పోలింగు నాడు ఆమె ఒళ్లు కాలిపోతోంది. వద్దన్నాడు సోమలింగం. వింటేగా! గోలీ మింగి, జ్వరం చూసే మిషన్‌కు దొరక్కుండా నుదుటికి తడిగుడ్డ అద్దుకుని, మొగుడి భుజం పట్టుకుని లైన్లో నిలబడింది. పదో రోజుకు ఆమె లేచి కూర్చుంది. సోమలింగం ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. కరోనా తనే అంటించానని తేల్చుకుని, ఆ మాట ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది ఎల్లవ్వ.

ఇన్నాళ్లూ ఎందుకని అడిగినవాళ్లు లేరు. ఈ పిల్ల అడిగింది, అంతా చెప్పేసింది.

నవత ఫారం వైపు చూసింది. బాధ్యత, అభ్యర్థి, పార్టీ, కులం, ఇంట్లోవాళ్ల మాట అని గళ్లున్నాయి. భయానికి గడి లేదు. ఓటు వేయనంత మాత్రాన పేరు తీసెయ్యరని మెల్లగా చెప్పింది. ఎల్లవ్వ చాలాసేపు తెగిన దారం కొసలు వెతుకుతూ కూర్చుంది.

మిగిలింది ఒక్క ప్రశ్న, వచ్చేసారి ఓటు వేస్తారా అని. అడగలేక నవత అట్ట మూయబోయింది. ఎల్లవ్వే ఆపి, ఇంకేముందో చదవమంది. విని, సోమలింగం ఫోటో వైపు చూసి తలూపింది.

"ఏస్త బిడ్డా. ఎయ్యకుంటె మీ పెద్దబాపు ఉత్తగనే పోయినట్టయితది."