పిన్ని లేని ఫోటో ఒక్కటి

మా కెమెరా క్లబ్బు వాళ్ళు ఏటా ఒక ప్రదర్శన పెడతారు. ఆ గోడ మీద నా ఫోటో ఒక్కటైనా వేలాడాలని నా చిరకాల కోరిక. ఇప్పటికి రెండుసార్లు పంపితే రెండుసార్లూ కాదన్నారు. ఈసారి ఇచ్చిన అంశం ‘నిశ్శబ్దం’. నాకు కావలసిందల్లా ఒక ఖాళీ వీధి. గడువు ఆదివారం సాయంత్రం. తీరిక దొరికింది కూడా ఆ ఆదివారమే. పొద్దున్నే మేముండే జాన్సన్‌విల్ నుంచి కారు తీశాను.

పక్క సీట్లో మా పిన్ని. కాకినాడ నుంచి మమ్మల్ని చూడ్డానికి ఈ దేశం వచ్చి నెల కావస్తోంది. పట్టుచీర మీద నా ఉన్నికోటు, కాళ్ళకు మా ఆవిడ బూట్లు, నెత్తిన మంకీ క్యాప్. కొండలెక్కి దిగి, గొర్రెల పొలాలు దాటుకుంటూ వెళ్ళి ఒక చిన్న ఊరు చేరాం. ఉన్నది ఒకటే వీధి. రేకుల కప్పు హాలు, ఎప్పుడో మూతపడ్డ బ్యాంకు, పెట్రోలు బంకు, పాలూ బ్రెడ్డూ ఐస్‌క్రీమూ అమ్మే డెయిరీ కొట్టు. నరమానవుడు లేడు. నా ఆనందానికి హద్దుల్లేవు.

“ఊరంతా ఏదైనా పెళ్ళికెళ్ళిందేంట్రా?” అంది పిన్ని.

స్టాండు నిలబెట్టి కెమెరాలోంచి చూశాను. బ్యాంకు తలుపు ముందు పిన్ని, రెండు చేతులా హ్యాండ్‌బ్యాగు పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

“పిన్నీ, కాస్త పక్కకు జరుగు.”

“ఎటు జరగమంటావు? ఎండ ఇటే కదా ఉంది.”

“ఫోటోలోంచే జరుగు.”

పిన్ని ముఖం మాడిపోయింది. తప్పు ఆవిడది కాదు. మా ఇళ్ళలో తాజ్‌మహల్ ఫోటో అంటే తాజ్‌మహల్‌కి అడ్డంగా నిలబడ్డ మా బాబాయి అని అర్థం.

“మనుషుల్లేకుండా ఏం ఫోటోరా అది! టు లెట్ బోర్డు ఒక్కటే తక్కువ,” అంది.

హాలు వైపు తిప్పితే హాలు ముందు పిన్ని. బంకు వైపు తిప్పితే బంకు ముందు పిన్ని. చివరికి బతిమాలి, బామాలి, ఐస్‌క్రీమ్ కొనిపెట్టి డెయిరీలో కూర్చోబెట్టాను. బయటికొచ్చేసరికి మబ్బు తొలగింది. వీధి పొడవునా లేత ఎండ పరుచుకుంది. పిట్ట కూడా అడ్డం రాలేదు. ఒక్క నొక్కు నొక్కాను. ఈసారి గోడెక్కడం ఖాయం అనుకున్నాను.

లోపల పిన్నీ, ఆ కొట్టావిడా ఒకరి ఫోన్‌లో ఒకరు మనవల ఫోటోలు చూసుకుంటున్నారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. నేను గర్వంగా నా ఫోటో చూపించాను. కొట్టావిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“చాలా బాగుంది. మేమంతా ఎప్పుడో పోయినట్టున్నాం,” అంది ఇంగ్లీషులో.

నవ్వుతూనే అంది. ఇక్కడివాళ్ళు ఏదైనా నవ్వుతూనే అంటారు. నాకు మాత్రం చురుక్కుమంది.

“ఏవందిరా?” అంది పిన్ని. చెప్పాను, చెప్పక తప్పలేదు.

“అదిగో! నేను మొత్తుకున్నదీ అదేగా!” అంటూ ఐస్‌క్రీమ్ నా చేతిలో పెట్టి వీధిలోకి నడిచింది. “కమ్! కమ్! ఫోటో!”

పెళ్ళిలో గ్రూప్ ఫోటో కోసం జనాన్ని భోజనాల బంతిలోంచి లేపుకొచ్చే గొంతు అది. దానికి భాషతో పని లేదు. బంకు వెనకనుంచి చేతులు తుడుచుకుంటూ మెకానిక్ వచ్చాడు. గమ్‌బూట్ల రైతు కుక్కతో సహా వచ్చాడు. హాల్లో బొంతలు కుట్టుకుంటున్న ఆడవాళ్ళంతా బిలబిలమంటూ బయటికొచ్చారు. ఊరు ఎక్కడికీ పోలేదు, తలుపులు వేసుకుని ఉందంతే. పిన్ని పొడుగువాళ్ళని వెనక్కి నెట్టింది, పొట్టివాళ్ళని ముందుకు లాగింది. రైతుని భుజాలు పట్టుకుని పక్కకు తిప్పితే, అంత మనిషీ కిక్కురుమనకుండా తిరిగాడు.

నేను కెమెరా దగ్గర వంగాను. ఇంతలో కొట్టావిడ తన పక్కవాళ్ళని జరిపి, మధ్యలో ఒక మనిషికి సరిపడా చోటు చేసింది.

“నువ్వూ రా,” అంది నాతో.

“తీసేవాణ్ణి కదా నేను!”

“టైమర్ లేదా దానికి?”

టైమర్ పెట్టి పరుగెత్తాను.

ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఈ దేశం వచ్చాక నేను తీసినవన్నీ వరసగా చూశాను. కొండలు, సరస్సులు, గొర్రెలు, ఎవరూ లేని బీచ్‌లు. ఎంత అందమైన దేశమో! ఇక్కడి మనుషుల పక్కన నేను నిలబడ్డ ఫోటో మాత్రం ఇవాళ్టిదొక్కటే. ఇన్నేళ్ళలో ఇదొక్కటేనా అని దిగులేసింది. మళ్ళీ అందులో నా ముఖం చూస్తే సంతోషమేసింది.

“గడువైపోతోందన్నావు, ఫోటో పంపావట్రా?” అని వంటింట్లోంచి పిన్ని కేకేసింది.

“పంపాను పిన్నీ,” అన్నాను. “కొట్టావిడకి.”